చదరాల కల్వర్టు

వీరవేణికి గవర్నమెంటు వాళ్ళు గోతులు తవ్వే ఉద్యోగం ఇచ్చారన్న కబురు తాటిమెరకలో మొదట మోసింది పక్కింటి నూకరత్నం. తవ్వడం కూడా పారతో కాదట, కంప్యూటర్లోనట. ఆ గోతుల్లో మనుషులు దబ్బుదబ్బున పడుతుంటే ఆఫీసర్లు కుర్చీల్లో కూచుని చూస్తారట. పడ్డవాళ్ళు చావరట, మళ్ళీ మొదట్నించీ నడుచుకుంటూ వస్తారట. ఇదంతా తను కళ్ళతో చూళ్ళేదనీ, పాలకేంద్రం దగ్గర తోడికోడలు చెబితే విన్నాననీ, తోడికోడలికి ఎన్ని వంకలున్నా అబద్ధం ఆడే వంక మాత్రం లేదనీ నూకరత్నం చివర్లో చేర్చింది.

విచిత్రమేమిటంటే, ఇందులో అబద్ధం పెద్దగా లేదు.

వీరవేణి డిగ్రీలో కంప్యూటర్లు చదివి, టౌన్లో ఒక ఫ్లెక్సీల షాపులో పనిచేస్తోంది. పుట్టినరోజు శుభాకాంక్షలకీ కన్నీటి నివాళికీ ఒకే మొహం సరిపోయేట్టు కత్తిరించి అతికించడం అక్కడ ఆమె పని. ఇంటికొచ్చాక మాత్రం తనకోసం ఒక ఆటకి బొమ్మలు గీసుకునేది. కొత్తరకం ఆట కాదు. వెనకటికి టీవీకి తగిలించి ఆడేవాళ్ళే, ఒక బుల్లి మనిషి ఎడమ నుంచి కుడికి పరిగెడుతూ, గోతులు దాటుతూ, గాల్లో తేలే ఇటుకల మీద గెంతుతూ పోతుంటాడు, ఆ రకం.

అలాంటి ఆటలో నేలంతా ఒక్కసారిగా గీయరు. గోరంత చదరాలు గీస్తారు. మట్టి చదరం ఒకటి, గడ్డి మొలిచిన చదరం ఒకటి, ఎడమ అంచు, కుడి అంచు, ఇటుక, నీళ్ళు. ఇంటికి టైల్స్ వేసినట్టు వాటినే పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఊరు తయారవుతుంది. ఏ చదరం పక్కన ఏది పెట్టినా అతుకు కనపడకూడదు, కిటుకంతా అక్కడుంది. గడ్డి చదరం కుడి చివర ఒక పోచ వంగితే, దాని మిగతా సగం ఎడమ చివర ఉండాలి. వీరవేణి ఆ ఒక్క పోచ కోసం ఆదివారాలకి ఆదివారాలు తగలేసింది.

పోచకే అంత శ్రమపడ్డ పిల్ల గొయ్యికి ఎంత పడుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ గొయ్యి ఊహించి గీసింది కాదు. తాటిమెరకకీ బస్సు రోడ్డుకీ మధ్య మురుగు కాలవ ఉంది. దానిమీది కల్వర్టు వెనకటి తుఫానుకి నడిమికి కూలిపోయింది. అటు సగం, ఇటు సగం, మధ్యలో తుప్పు పట్టిన చువ్వలు, కింద బురద, బురదలో ఎండ్రకాయలు. ఊరికి వేరే దారి లేదు. బళ్ళు బస్సు రోడ్డు వైపే ఆపేసి మనుషులు గెంతి ఇంటికి పోతారు.

అందరికన్నా ముందు, రోజూ తెల్లారగానే గెంతే మనిషి వీరవేణి మేనత్త సూరాయమ్మ. నెత్తిమీద ఇడ్లీ గిన్నె, చేతిలో చట్నీ క్యాను, కుచ్చెళ్ళు బొడ్లో దోపి ఒక్క గెంతు. బస్సాగే చోట ఆమె ఇడ్లీ తినందే కండక్టరు విజిలెయ్యడు. తల్లి లేని వీరవేణిని డిగ్రీ దాకా లాక్కొచ్చింది ఆ గిన్నే. ఈ మధ్య ఆమె మోకాలు వాచింది. గెంతితే ఆపరేషనే గతి అని డాక్టరు బెదిరించాడు. సూరాయమ్మ తేల్చి చెప్పేసింది. "ఈ వానాకాలం దాకానే నా కాలు గెంతేది. ఆ తరవాత గిన్నె అటకెక్కించెయ్యడవే."

అప్పట్నించీ వీరవేణికి ఒకటే ధ్యాస. ఆ కల్వర్టు. ఆటలో బుల్లి మనిషి స్థానంలో అత్తని పెట్టింది, నెత్తిమీద గిన్నెతో సహా. అత్త గొయ్యి దాటితే గిన్నెలోంచి ఆవిరొస్తుంది. పడితే ఇడ్లీలు చెల్లాచెదురై, ఎండ్రకాయ ఒకటి వచ్చి పట్టుకుపోతుంది.

ఫోన్లో ఆ ఆటా, సంచిలో అర్జీ పెట్టుకుని ఆమె జిల్లా గ్రామదారుల శాఖకి వెళ్ళిన రోజు, కార్యనిర్వాహక ఇంజనీరు పేర్రాజు గారు, అందరూ ఈఈ గారంటారు, తల పట్టుకుని కూచున్నారు. రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రజాచైతన్యం కోసం ప్రతి శాఖా ఒక వీడియో గేము తయారుచెయ్యాలట. అంతకుముందు చీపుళ్ళు పట్టుకుని ఫొటోలు దిగమన్నారు, దిగారు. చేతులు పట్టుకుని రోడ్ల పొడుగునా నిలబడమన్నారు, నిలబడ్డారు. ఇది అలా లొంగే పనిలా లేదు. పక్కనున్న పశువుల శాఖ వాళ్ళ ఆటలో గేదె అప్పుడే రెండో లెవెల్ దాటిందని కాంపౌండంతా చెప్పుకుంటున్నారు.

అర్జీ ఆయన చూడలేదు. అందుకని వీరవేణి ఫోను తీసి, మా అత్త ఇలా గెంతుతోందండి అని ఆట చూపించింది. ఈఈ గారు ఒక బటన్ నొక్కారు. సూరాయమ్మ గోతిలో పడింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ పడింది. భోజనానికి లేవమని అటెండరు పిలిచినా లేవలేదు. చివరికి సూరాయమ్మ అవతలి గట్టున కాలుపెట్టి గిన్నెలోంచి ఆవిరి రాగానే, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా ఊరేనండి. తాటిమెరక."

"కాదు, ఆట."

"అదీ నాదేనండి."

ఈఈ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆట పూర్తిచేసి శాఖకి అప్పజెబితే, ఈ ఏడాది పనుల్లో మొట్టమొదటిది తాటిమెరక కల్వర్టేననీ, ఇది పేర్రాజు మాటనీ గుండె మీద చెయ్యేసుకున్నారు. వీరవేణి అప్పటికప్పుడు ఒప్పేసుకుంది. కల్వర్టు వస్తుందంటే ఆ ఆటేమిటి, ఫ్లెక్సీ షాపు కూడా రాసిచ్చేసేదే, తనదైతే.

ఆట మొదట వెళ్ళింది నాణ్యత తనిఖీ అధికారి లోకాభిరామయ్య గారి బల్ల మీదికి. ఆయన జిల్లాలో పేరుమోసిన మనిషి. ఒకప్పుడు ఎవరో కాంట్రాక్టరు ఒకే మురుగు కాలవని ఫొటో తీసి ఊళ్ళ పేర్లు మార్చి బిల్లులు పెట్టుకుంటే, ఫొటోలో పడుకున్న కుక్కని గుర్తుపట్టి పట్టుకున్నది ఆయనే. అన్ని ఊళ్ళలోనూ అదే కుక్క, అదే పక్కకి తిరిగి. అప్పట్నించీ ఏ బొమ్మ చూసినా ఆయన ముందు కుక్కని వెతుకుతారు. ఇందులో కుక్క లేదు. గడ్డిపోచ దొరికింది.

"ఈ పోచ ఇక్కడుంది. ఇదిగో, ఇక్కడా ఉంది. గొయ్యి దాటాక మళ్ళీ ఇదే పోచ. ఏమిటమ్మా ఇది?"

"ఒకే చదరాన్ని మళ్ళీ మళ్ళీ వాడతామండి. ఇందులో పద్ధతే అది."

"ఆ కుక్క కాంట్రాక్టరూ అదే చెప్పాడు" అన్నారు లోకాభిరామయ్య గారు.

ఒకే గడ్డిని బహుళ ప్రదేశాల్లో ప్రదర్శించుట తీవ్ర అవకతవకగా పరిగణించడమైనదని మెమో వచ్చింది. వీరవేణి కిక్కురుమనకుండా కూచుని, తెరమీది ప్రతి గడ్డి చదరంలోనూ ఒక్కొక్క చుక్క అటో ఇటో జరిపింది. ఏ పోచా ఇంకో పోచలా లేకుండా చేసింది. కళ్ళు పుసులు కట్టాయి. అంతా అయ్యాక రెండో మెమో వచ్చింది. గడ్డి ఎదుగుదలలో ఏకరూపత లోపించినట్లు తనిఖీలో వెల్లడైనది, సంజాయిషీ కోరడమైనది.

చివరికి మధ్యేమార్గంగా, గడ్డి ఒకటే ఉండొచ్చు గాని ప్రతి చదరం మీదా దాని నంబరు వెయ్యాలన్నారు. వేసింది. ఇప్పుడు తాటిమెరక నేల, సంతలో కొన్నాక ముద్ర వేయించిన పశువుల మందలా తయారైంది. పైగా ఆటలో ఏ పని జరిగినా, పనికి ముందూ, పని జరుగుతుండగానూ, పని అయ్యాకా మూడు బొమ్మలు తీసి, ఊరి పేరూ స్థలం గుర్తులూ జతచేసి శాఖ వారి వెబ్‌సైటులోకి ఎక్కించి తీరాలని లోకాభిరామయ్య గారు ఆదేశించారు. ఆట అయితే మాత్రం స్థలం అంటూ ఒకటి ఉండాలి కదా అన్నారు. తాటిమెరక స్థలమే వెయ్యమన్నారు.

తరవాతి మెమో గాల్లో తేలే ఇటుకల మీద. ఏ స్తంభమూ లేకుండా శూన్యంలో నిలిపిన కట్టడానికి డిజైను ఎవరు ఆమోదించారు, కూలితే బాధ్యులెవరు? వీరవేణి ప్రతి ఇటుక కిందా స్తంభం గీసింది. స్తంభాలు అడ్డొచ్చి సూరాయమ్మ ఆగిపోయింది. స్తంభాలకి తలుపులు పెట్టమన్నారు. పెట్టింది. తలుపులకి తాళాలు లేకపోతే భద్రత ఎలా అన్నారు. తాళాలు వేసింది. తాళం చెవులు ఎవరి అధీనంలో ఉండాలో తేలక ఫైలు రెండు ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి, ఆఖరికి ఇటుకలే తీసెయ్యమని వచ్చింది.

"ఏవైందే, మన కల్వర్టు?" అని సూరాయమ్మ అడిగినప్పుడల్లా, అవుతోందత్తా, ఇంకా తలుపుల దగ్గరున్నారు అనేది వీరవేణి. కల్వర్టుకి తలుపులేంటో సూరాయమ్మకి అర్థం కాలేదు. నూకరత్నానికి అర్థమైంది. ఊరికి గేటు పెట్టి టోలు వసూలు చేస్తారట అని మర్నాటికల్లా చాటింపేసింది.

ఇంతలో రాజధాని నుంచి ముఖ్య ఇంజనీరు గారు వీడియోలో సమీక్ష పెట్టారు. ఆయన ఆట చూశారు. నంబర్లేసిన గడ్డిని మెచ్చుకున్నారు. గొయ్యి దగ్గరికొచ్చేసరికి ఆట ఆపించారు.

"పేర్రాజు గారూ, మన శాఖ ఆటలో, మన రోడ్డు మీద, గొయ్యా?"

ప్రజల మనోఫలకం మీద శాఖ యొక్క గుంతరహిత ప్రతిష్ఠను ముద్రించవలసిన తరుణంలో ఇది ఏ స్థాయి నిర్లక్ష్యమని ఆయన చాలాసేపు మాట్లాడారు. గొయ్యిని తక్షణం పూడ్చి కల్వర్టు నిర్మించాలని ఆజ్ఞాపించారు. వినగానే వీరవేణి గుండె ఎగిరింది. ఆజ్ఞ తెరమీది గొయ్యికని తెలిశాక కిందికి దిగింది.

తెరమీది పనైనా పని పనే కనక, పద్ధతి ప్రకారం స్థల పరిశీలనకి సహాయ ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. గొయ్యి వీరవేణి ఫోన్లో బొటనవేలంత, ఆఫీసు గోడ మీది పెద్ద తెరలో జానెడు. దేని ప్రకారం అంచనా వెయ్యాలన్న దానిమీద ఆఫీసు రెండు వర్గాలై, పెద్ద తెర వర్గం గెలిచింది. మట్టి పరీక్షకి వీరవేణి వాడిన గోధుమరంగు నమూనాని కాగితం మీద ముద్రించి లేబొరేటరీకి పంపారు. సిరా అని నిర్ధారణ అయినది, భారం మోయుటకు అనుకూలం కాదు అని జవాబొచ్చింది. దాంతో రంగు కాస్త ముదురు చేయించారు.

మంచిరోజు చూసి కంప్యూటరుకి భూమిపూజ చేశారు. పంతులు గారు తూర్పు ఎటు అంటే తెర ఎటు తిప్పితే అటే అన్నారు. ఈఈ గారు కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు కీబోర్డులోకి పోయి, పూజ ముగిసేదాకా తెర మీద సూరాయమ్మ తనంతట తనే ముందుకీ వెనక్కీ తిరిగింది. శుభసూచకమన్నారు.

ఇన్నింట్లోనూ వీరవేణి ఇష్టపడి చేసిన పని ఒక్కటే, ఆ కల్వర్టు గీయడం. నిజంది ఎలా ఉండాలని ఆమె కలగందో అలాగే గీసింది. నీళ్ళు పోవడానికి కింద పెద్ద తూములు. పిల్లలు తొంగిచూసినా పడకుండా మొలెత్తు పిట్టగోడలు. ఆ గోడ మీద ఒకచోట, గిన్నె దించుకుని ఊపిరి తీసుకోవడానికి చిన్న చప్టా. మధ్యలో ఎక్కడా అతుకు లేదు. గీయడం అయ్యాక అత్తని దానిమీద అటూ ఇటూ నడిపించి చూసుకుంది. మోకాలు నొప్పి లేకుండా నడిచింది అత్త. నిబంధన ప్రకారం ముందూ, మధ్యా, తరవాతా మూడు బొమ్మలు తీసి తాటిమెరక పేరుతో వెబ్‌సైటులోకి ఎక్కించింది.

గొయ్యి పోయాక గెంతే బటన్ మీద దృష్టి పడింది. గుంతలే లేని దారిలో పౌరుడు గెంతడమెందుకని ముఖ్య ఇంజనీరు గారి సందేహం. లంఘన సదుపాయం కల్పించుట, లంఘించవలసిన అగత్యం ఉన్నదని శాఖ అంగీకరించుటే అవుతుందని కింద టిప్పణి. గెంతడం తీసేశారు. ఇక ఆటలో మిగిలింది నడక. ఎడమ వైపు సూరాయమ్మ బయలుదేరుతుంది, నంబర్ల గడ్డి మీద నడుస్తుంది, కల్వర్టు మీద నడుస్తుంది, కుడి వైపు చేరుతుంది. "శాఖ తరఫున అభినందనలు" అని తెరమీద పడుతుంది. ఒక్కరూ ఓడిపోని ఆట ఇదొక్కటేనని నివేదిక వెళ్ళింది. పక్క శాఖ గేదె ఈపాటికి ఎన్నిసార్లు చచ్చిందో అని ఈఈ గారు గర్వంగా నవ్వారు.

అప్పుడు వీరవేణి ఆయన మాట ఆయనకి గుర్తుచేసింది. ఆట అయిపోయిందండి, ఇక మా కల్వర్టు అంది. వానలు దగ్గరపడుతున్నాయండి అని కూడా అంది.

ఈఈ గారు మందహాసంతో తన కంప్యూటరు ఆమె వైపు తిప్పారు. రాష్ట్రమంతటి పనుల పట్టీలో తాటిమెరక కల్వర్టు ఎదురుగా పచ్చరంగు వెలుగుతోంది. పని పూర్తి. పక్కన మూడు బొమ్మలు, ముందూ, మధ్యా, తరవాతా. జిల్లాలోకెల్లా వేగంగా పూర్తయిన పనిగా దానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

"ఇది ఆటలోదండి" అంది వీరవేణి.

"కావచ్చమ్మా. కాని పట్టీలో ఆట, నిజం అని వేరువేరు గడులు లేవు."

"అయితే మాకు నిజంది..."

"పూర్తవని పనిని పూర్తి చెయ్యగలం. పూర్తయిన పనిని ఎలా పూర్తి చేస్తాం చెప్పండి? ఒకే స్థలానికి రెండు కల్వర్టులు మంజూరు చేస్తే లోకాభిరామయ్య గారు నన్ను బతకనిస్తారా?"

పోనీ ఇది రద్దు చెయ్యండని బతిమాలింది. ఈఈ గారు నిజాయితీగా ఆలోచించారు. పూర్తయిన కల్వర్టును రద్దు చెయ్యాలంటే ముందు కూల్చాలన్నారు. కూల్చాలంటే అది అక్కడ ఉండాలన్నారు. లేని కల్వర్టును కూల్చడానికి అనుమతి అడిగితే, కట్టకుండా కట్టామన్నామా అని తిరిగి తమ మీదికే వస్తుందన్నారు. వేరే దారి ఉంటే మీరే చెప్పండి అన్నారు. ఆయన గొంతులో మోసం లేదు. అదే వీరవేణికి ఎక్కువ కోపం తెప్పించింది.

బయటికి రాబోతుంటే ఆయన వెనక్కి పిలిచారు. ముఖ్య ఇంజనీరు గారు ఆ కల్వర్టు అందానికి ముగ్ధులై స్వయంగా వచ్చి ప్రారంభిస్తానన్నారట. తీరా అక్కడ అవస్థ పడకుండా, డిజైను మీదే కనక మీరే చెప్పండి, రిబ్బను ఎక్కడ కడితే బాగుంటుంది అని అడిగారు.

వీరవేణి గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది.

"ఆటలోలాగేనండి. అవతల, ఊరి వైపు చివర. కార్లు బస్సు రోడ్డు వైపు ఆపి, అయ్యగారు కల్వర్టు మీదుగా నడిచొచ్చి కత్తిరిస్తే ఫొటో బాగా పడుతుందండి."

ఈఈ గారు మురిసిపోయి రాసుకున్నారు.

ప్రారంభం రోజుకి నూకరత్నం ఊరూరా చెప్పి జనాన్ని పోగేసింది. కల్వర్టు మాయగా కట్టారట, మామూలు కళ్ళకి ఆనదట, ముఖ్య ఇంజనీరు గారి కళ్ళకే కనపడుతుందట. జనమంతా ఊరి వైపు గట్టున చేరారు. అక్కడ రెండు సరుగుడు రాటలకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పళ్ళెంలో కత్తెర ఉంది. రాటల పక్కన, స్టూలు మీద వాచిన కాలు చాపుకుని సూరాయమ్మ కూచుంది, ఒళ్ళో మూత పెట్టిన ఇడ్లీ గిన్నెతో. ఆ పొద్దున ఆమె గెంతలేదు. ముందురోజు గెంతినప్పుడు మోకాలు కలుక్కుమంది. వీరవేణి ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడింది.

అవతలి గట్టున కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. సన్నాయి మొదలైంది. ముఖ్య ఇంజనీరు గారు మెడలో దండతో, చేతులు జోడించుకుని, తెల్ల బూట్లతో ముందు నడిచారు. వెనక పేర్రాజు గారు, ఆయన వెనక లోకాభిరామయ్య గారు. విరిగిన కల్వర్టు అంచు దాకా హుందాగా వచ్చి ముఖ్య ఇంజనీరు గారు ఆగిపోయారు. కిందికి చూశారు. చువ్వలు, బురద. ఒక ఎండ్రకాయ గోళ్ళెత్తి ఆయన వైపు చూసింది. ఆయన ఫోను తీసి బొమ్మ చూసుకున్నారు. మళ్ళీ కిందికి చూశారు. వెనక్కి తిరిగి ఈఈ గారిని చూశారు. ఈఈ గారు లోకాభిరామయ్య గారిని చూశారు. లోకాభిరామయ్య గారు వంగి, అంచున మొలిచిన గడ్డిలో ఒక పోచని పట్టిపట్టి చూస్తున్నారు.

సన్నాయి తడబడి ఆగింది.

ముఖ్య ఇంజనీరు గారికి అంతమంది జనంలో ఎవర్ని అడగాలో తోచలేదు. ఎదురుగా, రిబ్బను పక్కన కూచుని కనపడ్డ పెద్దామె ఒక్కర్తే.

"ఏమమ్మా, అటు రావడం ఎలాగ?"

సూరాయమ్మ గిన్నె మూత సర్దుకుంది. కాలవ అవతలికి వినపడేలా గొంతు పెంచింది.

"నడిచే రండి బాబూ. గెంతడం తవరే తీయించేశారంట కదా."